బైబిల్లో దాచిన చీటీ

తమిళనాట కే.జీ.కండిగైలోని చిన్న తెలుగు చర్చిలో ప్రతి ఆదివారం వాక్యం చదివేది ఎస్తేరే. తొట్రుపాటు ఎరగని ఆ గొంతును అందరూ మెచ్చుకునేవారు. ఆమెకు తెలుగు అక్షరాలు రావని మాత్రం ఎవరికీ తెలియదు. బడిలో నేర్చింది తమిళం. శనివారం ఫోన్‌లో ఆడియో బైబిలు పెట్టి వాక్యం విని, ఆ తెలుగునే తమిళ లిపిలో చీటీ మీద రాసుకొని, బైబిల్లో పెట్టుకొని చదివేది. ఆరేళ్ళుగా ఇదే వరుస.

చివరికి ఆ గొంతే ఉచ్చయింది. రెండు నెలల తర్వాత నుంచి పిల్లలకు ఎస్తేరు తెలుగు చదవడం నేర్పుతుందని పాస్టరు రత్నస్వామి అందరి ముందూ ప్రకటించాడు. కాదనాలంటే చీటీ బయటపెట్టాలి.

తిరుత్తణిలో రైలెక్కి తిరువళ్ళూరు దగ్గరి ఫ్యాక్టరీకి వెళ్తూ, సంచి చాటున ఒకటో తరగతి వాచకం తెరిచేది. పలక, బలపం, ఉడత. ముప్పై నాలుగేళ్ళ మనిషికి ఉడతతో ఏం పని? అరక్కోణం చేరేసరికి నేర్చినవన్నీ చెరిగిపోయేవి. నెల అలాగే గడిచింది.

ఒకరోజు సీటు మీద ఎవరో వదిలేసిన తెలుగు వారపత్రిక దొరికింది. అందులో ఒక కథ. పెళ్ళింట్లో నగ పోయింది. పెళ్ళికూతురి చిన్నత్త ఏదో దాస్తోంది. ఆ మాత్రం కూడబలుక్కునేసరికే దిగాల్సిన స్టేషను వచ్చింది. ఆ రోజంతా మెషీను ముందు ఆ చిన్నత్తే కళ్ళలో మెదిలింది. అక్షరం అడ్డుపడినప్పుడల్లా ఎస్తేరు ఇప్పుడు తనంతట తానే వాచకం తిరగేసేది.

పిల్లలకు మొదటి పాఠం చెప్పేనాడు ఆమె వాచకం తీయలేదు. పత్రిక తీసి, వేలు పెట్టి, ఆగి ఆగి చదివింది. ఒక పిల్ల ముందుకు జరిగింది.

"నగ ఎత్తింది ఆ యమ్మే కదక్కా? సీక్రం చదువు."

"నాకూ తెలీదు పాపా. రా, కూడి చదువుదాం."

వాకిట్లో నిలబడి విన్న రత్నస్వామి, పిల్లలు వెళ్ళాక లోపలికి వచ్చాడు.

"ఏమ్మా ఎస్తేరూ, ఇన్నాళ్ళూ గడగడా చదివినావే, అదెట్లా?"

ఆమె బైబిల్లోంచి చీటీ తీసి అందించింది. ఆయన ఆ తమిళ అక్షరాల్లోని తెలుగు వాక్యం చదివి, మడిచి, తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు.

"పిల్లోళ్ళకు ఇట్లే నేర్పు. సంఘం ముందర మాత్రం చీటీనే చదువు. ఇది మన ఇద్దరిలోనే ఉండనీ."

ఒక్కతే మోసిన గుట్టుకు ఇప్పుడు పాస్టరు కావలి కూర్చున్నాడు.

మరుసటి ఆదివారం ఎస్తేరు లేచి నిలబడింది. చీటీ వాక్యం పక్కనే ఉంది. కళ్ళు మాత్రం అచ్చు వరుస మీదికి పోయాయి. మొదటి మాట పలికింది. రెండో మాట దగ్గర గొంతు ఆగింది. బెంచీల్లో ఎవరో దగ్గారు. ముందు వరుసలో ఆ పిల్ల పెదవులు కదుపుతోంది. ఎస్తేరు చీటీ మీద అరచెయ్యి ఆనించి, రెండో మాట కిందికి వేలు జరిపింది.