హాలియా బస్సులో ప్రేమపాట

పోలీసు చర్య జరిగిన కొత్తలో, బెజవాడవాణ్ణి నేను, హాలియా బస్సులో ఓ హిందీ సినిమా ప్రేమపాట కూనిరాగం తీస్తున్నాను. నా గొంతుకు జడిసి ఇంజనే ఆగిందనుకున్నాను. తీరా చూస్తే మిలిటరీ తనిఖీ!

పక్కనున్న అవ్వ గబుక్కున నా నోరు మూసింది. "ఊకో కొడుకా! గది దొరల మీద కొట్లాడే సంగమోళ్లు పాడే పాట. ఇంటే పట్కపోతరు!"

"ఇది సినిమాలో ప్రేమపాట, అవ్వా!"

"సిన్మా ఎవడు జూసిండు? మా ఊర్ల దొరను తిట్టేది గిదే రాగం మీద."

హీరోయిన్ పాటలోకి దొర ఎలా దూరాడో అర్థంకాక బిక్కచచ్చి కూర్చున్నాను. బస్సంత వెడల్పు మీసాలున్న సిపాయి ఎక్కి, మూటలన్నీ పొడిచి చూసి, దిగుతూ అదే పాట ఈల వేశాడు.

అది వినగానే అవ్వ "గీడు గూడ మనోడే!" అంటూ హుషారుగా దొరను తిట్టే చరణం అందుకుంది. ఈసారి ఆవిడ నోరు నేను మూశాను.