అల్సరేనని చెప్పారు నాకు

ఆ రోజు పదో తరగతి గదికి మెట్లెక్కుతూ మధ్యలోనే కూలబడ్డాను. నొప్పి లేదు, కళ్లు తిరగలేదు. కాళ్లలో సత్తువ లేదు, అంతే. దిగుతున్న పిల్లలు "గుడ్ మార్నింగ్ మేడమ్" అంటూ గోడకు అతుక్కుని నిలబడిపోయారు. ప్రిన్సిపల్ మెట్ల మీద కూర్చోవడం వాళ్లెప్పుడూ చూడలేదు.

మా బడి భద్రాచలం వెళ్లే దారిలో, అడవి మొదలయ్యే చోట ఉంది. అక్కడే సోషల్ టీచర్‌గా చేరి ప్రిన్సిపల్‌నయ్యాను. కొన్ని నెలలుగా విరేచనంలో రక్తం పడుతోంది. మొలలే అనుకుని మజ్జిగ తాగుతూ నెట్టుకొచ్చాను. ఇలాంటివి ఎవరితో చెప్పుకుంటాం? మెట్ల సంగతి తెలిసి మా అమ్మాయి గ్రేసీ నన్ను ఖమ్మంలో దవాఖానాకు లాక్కెళ్లింది. హిమోగ్లోబిన్ బాగా పడిపోయిందన్నారు. పేగులోకి కెమెరా పంపి కొలనోస్కోపీ చేసి, బయాప్సీకి ముక్క పంపారు.

రిపోర్ట్ వచ్చిన రోజు డాక్టర్ గారు నన్ను బయట కూర్చోబెట్టి మా ఆయన్నీ గ్రేసీనీ లోపలికి పిలిచారు. అనుమానం అక్కడే మొదలైంది. జబ్బు నాది, మాటలు వాళ్లతోనా? కాసేపటికి నన్ను పిలిచి, "పెద్ద పేగులో చిన్న అల్సర్ అమ్మా. ఆపరేషన్ చేస్తే పోతది. లేట్ చెయ్యొద్దు" అన్నారు. గ్రేసీ కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏమైందంటే ఏసీ పడలేదంది. హోంవర్క్ చేయని పిల్లల ముఖాలు చూసి చూసి ముదిరిన దాన్ని, నాకా చెప్పేది?

"పబ్లిక్ పరీక్షలు అయినంక చేయించుకుంటా" అన్నాను. మా ఆయన బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యారు. ఏనాడూ నా మాటకు అడ్డు చెప్పని మనిషి. "నువ్వు లేకుంటే పరీక్షలు ఆగుతయా ఏంది?" అని అరిచారు. చిన్న అల్సర్‌కు అంత కోపమెందుకో!

మర్నాడు మా స్కూల్ కరస్పాండెంట్ గారు యాపిల్స్ పట్టుకుని ఇంటికొచ్చారు. ఒక్క రోజు సెలవడిగితే ముఖం చిట్లించే ఆయన, "మేడమ్, ఆరు నెలలు రెస్ట్ తీస్కోండి. వైస్ ప్రిన్సిపల్ చూసుకుంటడు" అన్నారు. తర్వాత వాకిట్లో మా ఆయనతో గుసగుసలు. నేను అక్కడికి వెళ్లగానే ఇద్దరూ ఎండల గురించి మాట్లాడారు. ఇంకేముంది, నా కుర్చీకి ఎసరు పెడుతున్నారు, దానికి మావాళ్లు తోడయ్యారు అనుకున్నాను. ఆపరేషన్‌కు ఇచ్చిన తేదీ వదిలేసి బడికెళ్లి కూర్చున్నాను. గ్రేసీ ఫోన్ చేసి ఏడ్చింది. "ఏడుపు ఎందుకే, అల్సర్‌కా?" అంటే పెట్టేసింది.

ఆ ఆదివారం మా ఆడబిడ్డ, రూతమ్మ వదిన, కారేపల్లి నుంచి వచ్చింది. ఆమె వస్తే కుటుంబ ప్రార్థన తప్పదు. అందరం చాప మీద మోకరించాం. వదిన తల మీద కొంగు కప్పుకుని, కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. మా ప్రార్థనల్లో బట్టీ పట్టిన మాటలుండవు, మనసులో ఉన్నదే నోటికొస్తుంది.

"తండ్రీ, నీ బిడ్డ కడుపులున్న క్యాన్సర్ గడ్డను ముట్టు తండ్రీ. ముదరకముందే ఆమె మొండితనం తీసెయ్యి ప్రభువా..."

నేను కళ్లు తెరిచాను. గ్రేసీ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. మా ఆయన చాప వైపు చూస్తున్నారు. నాతో ఫోన్‌లో "అల్సరే మేరీ" అన్న వదిన, దేవుడితో ఆ మాట అనలేకపోయింది పాపం.

"నాకెందుకు చెప్పలే?" అన్నాను.

"తట్టుకోలేవని... మేమే డాక్టర్ను చెప్పొద్దన్నం" అన్నారు మా ఆయన.

ముందు కోపం వచ్చింది. ఆ వెనకే భయం. నేను వదిలేసిన తేదీ గుర్తొచ్చింది.

ఆ వారమే ఆపరేషన్ అయింది. "స్టేజ్ త్రీ అమ్మా. పేగు పక్కనున్న లింఫ్ గ్రంథులకు పాకింది. కీమో కావాలె" అని ఈసారి డాక్టర్ నాకే చెప్పారు. నా ఆలస్యం వల్లేనా అంటే, "చెప్పలేం" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నమిలి మింగలేకపోతున్నాను. కీమోలో వాంతులు, నోట్లో పుండ్లు. చన్నీళ్లు తాకితే వేళ్లకు కరెంటు కొట్టినట్టుండేది. ఒకసారి తెల్ల రక్తకణాల కౌంట్స్ పడిపోయి జ్వరంతో అడ్మిటయ్యాను. సెలైన్ సీసా మీద మందు పేరు చదవందే చెయ్యి ఇచ్చేదాన్ని కాదు. "మేడమ్ తనిఖీకొచ్చిండ్రు" అని నర్సులు నవ్వేవారు. నాకు దేవుడి మీద అనుమానం రాలేదు, మనుషుల మీదే.

ఇప్పుడు మళ్లీ బడికి వెళ్తున్నాను. నా కుర్చీ మీద కన్నేశాడనుకున్న వైస్ ప్రిన్సిపల్, తాళాలు నా చేతిలో పెట్టి హమ్మయ్య అనుకున్నాడు.

మొన్న స్కాన్ రిపోర్ట్ పట్టుకుని గ్రేసీ నవ్వుతూ పరుగెత్తుకొచ్చింది. "ఏం లేదంట అమ్మా! అంతా క్లియర్!" నేను సంతోషపడాల్సింది పోయి, ఆ నవ్వు నిజమా కాదా అని దాని ముఖంలోకి చూశాను. దాని నవ్వు ఆగిపోయింది. "నన్ను నమ్మవా అమ్మా?" అంది. రిపోర్ట్ తీసుకుని చదువుకున్నాను. తర్వాత గ్రేసీని పట్టుకుని ఏడ్చాను.

జబ్బు మీదైతే, దాని పేరేంటో డాక్టర్‌ను మీరే అడగండి. మీవాళ్లదైతే దాచకండి. ఏడుస్తాం, భయపడతాం, తట్టుకుంటాం. మంచి కబురు తెచ్చిన రోజు మేం మిమ్మల్ని నమ్మాలంటే, చెడ్డ కబురు కూడా మీరే చెప్పి ఉండాలి.