ఆకుమామ చూపు

ఊరంతా ఆయన్ని ఆకుమామ అనేవాళ్లు. వరి ఆకును రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూసి, దానికి యూరియా కావాలో వద్దో చెప్పడంలో ఆయనకు ఆయనే సాటి. సముద్రం పక్కన లోతట్టు పొలాలాయె, నీళ్లు ఎప్పుడూ నిలిచే ఉంటాయి. అక్కడ యూరియా చల్లడం ఆషామాషీ వ్యవహారం కాదు. ముందు నీళ్లు తీసెయ్యాలి, బురద మీద చల్లాలి, రెండ్రోజులాగి మళ్లీ నీళ్లు పెట్టాలి. "నిలవ నీళ్లలో చల్లేవాడు పోయి సముద్రంలోనే నాట్లు వేసుకోవాలి!" అని కసిరేవాడు.

ఒకసారి వ్యవసాయాధికారి ఆకుపచ్చ రంగులు వరసగా ఉన్న అట్ట ఒకటి ఇచ్చి, ఆకును దాని పక్కన పెట్టి పోల్చుకోమన్నాడు. ఆకుమామకు ఒళ్లు మండిపోయింది. "నా రెండు కళ్లూ లక్షణంగా ఉండగా ఈ అట్టముక్క దేనికండీ?" అని దాన్ని చెల్లెలి చేతిలో పడేశాడు. భర్త పోయాక ఆ చెల్లెలికి మిగిలింది ఒక్క ఎకరం, ఆ పైన ఈ అన్నయ్య. ఆమె ఏడాది తిండి ఆ ఎకరంలోనే ఉంది.

ఈ ఏడు చెల్లెలి చేను పొట్టకు రాబోతుండగా ఆకుమామ అందులో దిగాడు. ఆకు పట్టుకుని, కళ్లు చికిలించి చూశాడు.

"పసుపెక్కిపోయిందే తల్లీ! నీళ్లు తీసి బస్తా చల్లు."

"సరిగ్గా చూశావా అన్నయ్యా?"

"నాకే చెబుతావా?"

ఆమె ఆ సాయంత్రమే నీళ్లు తీసింది. మర్నాడే యూరియా చల్లింది.

పది రోజులకు చేను కళకళలాడుతూ ఏపుగా లేచింది. ఆకుమామా మజాకా అన్నారందరూ. కానీ ఎరువెక్కువై మెత్తబడ్డ దుబ్బులు ఎన్నాళ్లు నిలుస్తాయి, పాపం! కంకులు బరువెక్కాక ఒక సాయంత్రం సముద్రపు గాలి గట్టిగా వీచింది. చుట్టుపక్కల చేలు వంగి లేచాయి. ఆమె చేను మాత్రం చాప పరిచినట్టు నీళ్లలో పడిపోయింది. వారానికల్లా కంకుల మీదే మొలకలొచ్చాయి.

ఆ వారమే ఊళ్లోకి కళ్ల డాక్టరమ్మ వచ్చింది. ఆకుమామకు రెండు కళ్లలోనూ శుక్లం ముదిరిందని చెప్పి, "తెల్లనివి కూడా పసుపుగా కనబడుతుంటాయి కదూ, పెద్దాయనా?" అని అడిగింది. 

ఆకుమామ తిన్నగా చెల్లెలి ఇంటికి నడిచాడు. ఆమె వసారాలో కూర్చుని, మొలకెత్తిన కంకుల్లోంచి నాలుగు మంచి గింజలు ఏరుకుంటోంది.

"నీ నోటి దగ్గర కూడు పడగొట్టానే తల్లీ! ఆ అట్టముక్క ఒక్కసారైనా పెట్టి చూసుకోకపోయావా?" అని తల బాదుకున్నాడు.

చెల్లెలు తలెత్తలేదు. "చూశానన్నయ్యా. నువ్వు చెప్పిన రోజే చూశాను. ఆకు ముదురాకుపచ్చగానే ఉంది, యూరియా అక్కర్లేదు."

"మరి ఎందుకు చల్లావే?"

"నీ చూపు తప్పిందని ఊళ్లో మొదట అనే నోరు నాదే కావాలా?"

ఆకుమామ ఆమె పక్కన కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ తర్వాత ఎవరు ఆకు తెచ్చి చూపించినా, ముందు చెల్లెల్ని పిలిచి అట్ట తెమ్మనేవాడు. కళ్లకు ఆపరేషన్ అయ్యాక కూడా.