హాగోప్ గిన్నె

మా గదిలో ఉండే సుబ్బరాయుడికి షుగరు వచ్చినప్పటి నుంచి పొద్దున్నే ఉప్పు లేని గోధుమరవ్వ ఉడుకుతోంది. ఆ వాసన తగిలితే చాలు, కువైట్‌లో మా సాల్మియా వీధి హారన్లన్నీ మూగబోయి, అరాక్సీ మేడం భోజనాల గది నా కళ్లముందు నిలుస్తుంది. ఆ పొడవాటి బల్ల, దాని చుట్టూ ఇరవై కుర్చీలు... సరే, ఇరవై లేవు, ఏడో ఎనిమిదో. నాకు పెంచి చెప్పే జబ్బుంది. సుబ్బరాయుడి జబ్బుకు రవ్వ ఉంది గానీ నా జబ్బుకు పథ్యం లేదు. అందుకే ఎక్కడ పెంచితే అక్కడే ఒప్పేసుకుంటూ పోతాను.

మేడం ఆర్మేనియన్. అలెప్పోలో పుట్టి, పెళ్లయ్యాక కువైట్ వచ్చి, ఆడవాళ్ల గౌన్లు కుట్టే దుకాణం పెట్టింది. నేను కడప నుంచి వచ్చి ఆమె దగ్గర కత్తెర పట్టాను. ఆమె కడప తెలుగు గడగడా మాట్లాడేదని నేను చెబితే నమ్మకండి. మా తిట్లన్నీ ఆమెకు అర్థమయ్యేవి. మాట్లాడేది మాత్రం అరబ్బీ, ఉర్దూ కలగలిపి. ఆ మాటల్నే ఇక్కడ మన భాషలో పెడుతున్నాను. కొలత తీసేటప్పుడు టేపు బిగిస్తే ఆమె ఊరుకునేది కాదు. "ఒళ్లు ఎంతుందో అంతే తీసుకో. పొగడ్త కుట్టులో పెట్టు, కొలతలో కాదు" అనేది.

ఒక యేడు సులైబియాలో, గోదాములో పనిచేసే జగిత్యాల మల్లేశు మీద బస్తాల దొంతర కూలి తొంటి విరిగింది. ఊరికి పంపి ఆపరేషను చేయించాలి. లేకపోతే మనిషి ఇక నడవడు. మనవాళ్ల గదులన్నీ తిరిగి చందా అడిగే పని నా నెత్తిన వేసుకున్నాను, నాకున్నంత నోరు ఇంకెవరికీ లేదు గనుక. అయితే బస్తాలు పడ్డవాళ్లు, నిచ్చెన జారినవాళ్లు ఎప్పుడూ ఉంటారు. జనం చేతులు జేబుల్లోకి పోవాలంటే ఇంకేదో కావాలి. భార్య చచ్చిపోయిందని చెబుదామన్నాను.

మల్లేశు మంచం మీదే తల తిప్పాడు. "గదేందన్నా? లచ్చవ్వ మంచిగనే ఉన్నది గద."

"నేను నోటితో సంపితే నిజంగా సస్తాదా? నీకు కాలు కావల్నా, వొద్దా?"

వాడు ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. దాన్ని నేను ఒప్పుకోవడం అనుకున్నాను.

మర్నాడు మిషను తొక్కుతూ నా ఉపన్యాసం సాధన చేశాను. పెళ్లాం పోయిన చోట గొంతు వణికించడం ఎంత బాగా కుదిరిందంటే, పక్క మిషను మీది రాజంపేట మనిషి కళ్లు తుడుచుకున్నాడు. మేడం గుండీలు ఏరుతూ వింది. ఏం కథ అని అడిగింది, భార్య బతికే ఉందన్న సంగతితో సహా చెప్పాను. గుండీల డబ్బా మూసి, శుక్రవారం మధ్యాహ్నం ఇంటికి రమ్మంది.

ఏటా ఒక శుక్రవారం ఆమె ఇంట్లో జరిగే భోజనం సంగతి మాకు తెలుసు, మమ్మల్నెప్పుడూ పిలవలేదు. ఒట్టోమన్ తురుష్కుల ఏలుబడి చివర్లో ఆర్మేనియన్ క్రైస్తవుల్ని ఊళ్లకు ఊళ్లు ఎడారిలోకి తోలేశారు. మిగిలిన పిల్లలు అనాథశాలల పాలయ్యారు. సముద్రాల అవతల, వాళ్ల ముఖం కూడా ఎరగని మనుషులు ఏడాదికొక పూట ఆ పిల్లలు తాగే జావనే తమ బల్ల మీద పెట్టుకుని, తమ విందుకయ్యే సొమ్మును వాళ్లకు పంపేవారట. ఆ సాయంతో బతికిన పిల్ల మేడం తల్లి. అందుకే ఆ పూట మేడం ఇంట్లోనూ ఉప్పులేని గోధుమరవ్వ జావే. విందు సొమ్ము ఇరాక్‌లోనో సిరియాలోనో ఇళ్లు వదిలి పారిపోయినవాళ్లకు వెళ్లేది.

ఆ శుక్రవారం దుమ్ము లేచింది. కిటికీలు ఇటుక రంగుకు తిరిగాయి. వచ్చిన ఆర్మేనియన్ ముసలివాళ్లు ఒక్క మాటా లేకుండా తిని, చెంచాలు బోర్లించి వెళ్లిపోయారు. ఒక్క కుర్చీ ముందు గిన్నె మాత్రం ముట్టకుండా ఉంది. ఎవరికి ఆలస్యమైందని నవ్వుతూ అడిగాను. మేడం నవ్వలేదు.

"హాగోప్. మా అమ్మ తమ్ముడు."

అనాథశాలను చూడ్డానికి దూరదేశపు దొరసానులు వచ్చేవారట. చూసి వెళ్లి, తమ చర్చిల్లో చెప్పి సాయం పోగుచేసేవారు. ఎవరూ లేని పిల్లలంటే వాళ్ల మనసు ఎక్కువ కరుగుతుందని పెద్ద పిల్లలు నేర్పారు. మేడం తల్లి అలాగే చెప్పింది: నాకెవరూ లేరు, తమ్ముడు కూడా చచ్చిపోయాడు. తమ్ముడు గోడ అవతల, మగపిల్లల ఇంట్లో ఉన్నాడు. ఇంకా మాటలు రాని పిల్లవాడు. దొరసాని ఏడ్చింది. ఓడ నిండా గోధుమలు వచ్చాయి. ఓడ నిండా అన్నది నా మాట; మేడం గోధుమలు అని మాత్రమే అంది. అక్కాతమ్ముళ్లను విడదీయకూడదని అక్కడ నియమం. కానీ హాగోప్‌కు అక్క లేదనుకున్నారు. వాణ్ణి నా అన్నవాళ్లు లేని పిల్లలతో కలిపి ఎక్కడికో పంపేశారు. అక్కకు తెలిసేసరికే వాణ్ణి ఎక్కించుకున్న ఓడ కదిలిపోయింది.

"అమ్మ అబద్ధం వృథా పోలేదు, ఓబులేసూ. దానితో ఎందరో కడుపు నింపుకున్నారు" అంది మేడం. "ఇప్పుడు నీ కథ చెప్పు. వాడికి వినిపించేట్టు."

ఖాళీ కుర్చీకి ఎదురుగా కూర్చోబెట్టింది. మల్లేశు పేరు వచ్చింది, బస్తాలు వచ్చాయి, తొంటి వచ్చింది. భార్య దగ్గరికి వచ్చేసరికి గిన్నెలో చెంచా కదిలింది.

కదల్లేదు. చెంచా కదిలిందని, కుర్చీ కిర్రుమందని, పసివాడి దగ్గు వినిపించిందని తర్వాత మా గదిలో చెప్పాను. అవేవీ జరగలేదు. జరిగింది ఇంతే. తక్కిన గిన్నెల్లో మిగిలిన జావ ఎప్పుడో చల్లారి పొర కట్టింది. అందరికంటే ముందు వడ్డించిన ఆ గిన్నె మీద మాత్రం ఇంకా ఆవిరి లేస్తోంది. నేను ఊరుకుంటే నిటారుగా లేచేది. "వాని పెండ్లాం" అనబోతే నా వైపు వంగేది, అటు నుంచి ఎవరో మెల్లగా ఊదుతున్నట్టు. గాలేమో అనుకున్నాను. కర్టెన్ కదలడం లేదు. దీన్ని తగ్గించి చెప్పాలని ఎన్నోసార్లు చూశాను. ఇంతకంటే తగ్గడం లేదు.

"లచ్చవ్వ బతికే ఉండాది" అన్నాను, ఆ కుర్చీతో.

మేడం లేచి నా భుజం తట్టింది. "ఖలాస్. పో, అట్లే చెప్పు."

అట్లే చెప్పాను. భార్య పేరు లచ్చవ్వ, బీడీలు చుడుతుంది, కావాలంటే ఫోన్ చేసి మాట్లాడండి అన్నాను. ఎవరూ ఏడవలేదు. అనుకున్నంత పోగు కాలేదు. ఆపరేషను ఆలస్యమై మల్లేశు ఇప్పటికీ కుంటుతాడు. నిజం చెప్పినందుకు అంతా మంచే జరిగిందని రాస్తే, నా అబద్ధాలన్నిటిలోకీ అది పెద్దదవుతుంది. అయితే ఇక్కడి గదుల నుంచి ఎవరో ఒకరు లచ్చవ్వకు ఫోన్ చేస్తూనే ఉన్నారు, ఎట్లున్నాడమ్మా అని. ఒకనాడు ఆమె నాకు చేసింది.

"అన్నా, గప్పుడు నన్ను సంపుదామన్నవంట గద. ఈయన జెప్పిండు."

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మేడం పోయి చాలా ఏళ్లయింది. ఎవరికి ఆపదొచ్చినా చందాకు ఇప్పటికీ నన్నే పిలుస్తారు. దెబ్బను కాస్త పెంచుతాను, కష్టాన్ని కాస్త పెంచుతాను; బుద్ధి మారలేదు. కానీ నోరు విప్పేముందు ఆ మనిషి ఇంటికి ఫోన్ చేసి, ఇంట్లో ఉన్నవాళ్లందరినీ వరసగా ఎవరి పేరు వాళ్లనే చెప్పమంటాను. భార్య చెబుతుంది, తల్లి చెబుతుంది, పిల్లలు సిగ్గుపడుతూ చెబుతారు. ఇక అంతేనన్నా, ఎవరూ లేరు అంటారు. నేను వెంటనే ఫోన్ పెట్టను. మాటలు రాక పేరు చెప్పలేనివాళ్లు ఇంకా ఎవరైనా ఉన్నారేమోనని, అవతలి నిశ్శబ్దాన్ని కాసేపు వింటాను.