మాచర్ల లైట్‌హౌస్‌లో ఒక ముక్క ఎక్కువ

ఆదివారం ఉదయం ఆరూ నలభైకి నరసరావుపేట బస్టాండులో మాచర్ల బస్సు ఎక్కాను. మాచర్లలో ఒక లైట్‌హౌస్ ఉంది, దాన్ని లెక్కపెట్టాలి. పల్నాడులో సముద్రం ఎక్కడుందని కంగారు పడొద్దు. ఇది రెండున్నర అడుగుల లైట్‌హౌస్. ప్లాస్టిక్‌ది, బొమ్మ ఇటుకలు ఒకదానికొకటి నొక్కి కట్టుకునేది. డబ్బా మీద రాసిన ప్రకారం ముక్కలు 1,876.

ఇళ్ళు కట్టుకునేవాళ్ళకి అంచనాలు వేసివ్వడం నా వృత్తి. గదుల కొలతలు చెబితే ఇటుకలెన్నో, సిమెంటు బస్తాలెన్నో చెబుతాను. ఇంజనీరింగు చదవలేదు, మేస్త్రీల పక్కన నిలబడి నేర్చుకున్నాను. రోజంతా ఇటుకల్తోనే గడిపి ఇంటికొచ్చి మళ్ళీ ఇటుకలేంటని మా ఆవిడ అడుగుతుంది. అవి వేరే ఇటుకలని చెబుతాను. ఆమె ఒప్పుకోలేదు, పదకొండేళ్ళయింది.

మా జిల్లాలో ఈ పిచ్చి ఉన్న పెద్దవాళ్ళం తొమ్మిదిమందిమి. ఎవరైనా పాత సెట్టు అమ్మినా కొన్నా నేను ముక్కలు లెక్కపెట్టి కాయితం రాసిస్తాను. "పూర్తి" అని నేను రాస్తేనే బేరం. ఇది నాకు నేను ఇచ్చుకున్న పదవి కాదు. మిగతా ఎనిమిదిమందికీ అంత ఓపిక లేదు.

ఈసారి బేరం మాచర్ల మస్తాన్‌ది. మస్తాన్ కట్టుడు పళ్ళ సెట్లు చేసే పనివాడు. అతని దగ్గరున్న బొమ్మ సెట్టు ఈ లైట్‌హౌస్ ఒక్కటే, కొట్లో అద్దాల బీరువాలో పెట్టుకున్నాడు. నాలుగేళ్ళ కిందట వేరేవాళ్ళ దగ్గర కొన్నప్పుడు లెక్కపెట్టి కాయితం రాసిచ్చింది నేనే. ఇప్పుడు నెలాఖరుకి కొట్టు ఖాళీ చేయాల్సొచ్చింది. కొత్త గది ఇందులో సగం. అందులో పళ్ళయినా ఉండాలి, లైట్‌హౌసైనా ఉండాలి. గుంటూరులో ఒక కళ్ళ డాక్టరు గారు తీసుకుంటానన్నారు. అన్నీ అసలు ముక్కలే ఉండాలి, నేను రాసివ్వాలి, అదీ షరతు. నెలాఖరుకి తొమ్మిది రోజులుంది, వేరే గిరాకీ లేదు.

బస్సులో కిటికీ సీటు దొరికింది. టికెట్టు నూట పది. ఒళ్ళో రెండు పెద్ద స్టీలు పళ్ళేలు, నల్లగుడ్డ. నల్లగుడ్డ మీద పోస్తే ముక్కలు బాగా కనిపిస్తాయి. పక్కన కూర్చున్నావిడ కారెంపూడిలో చెల్లెలింటికి పోతోంది. ఆడవాళ్ళకి ఉచితం కాబట్టి ఆమె చేతిలో సున్నా టికెట్టు.

"క్యాటరింగా అన్నయ్యా?" అంది పళ్ళేలు చూసి.

సంగతి చెప్పాను.

"పిల్లలకా?"

"నాకే."

ఆమె తన సంచి తీసి అవతలి పక్క పెట్టుకుంది. సర్దుకుని కూర్చుని, "అక్కడికి పోయి బొమ్మ ముక్కలు లెక్కపెట్టి రావటానికి నూట పది పెట్టారా? మీ ఆవిడ్ని పంపితే ఊరికే వచ్చేదిగా!" అంది.

ఈ కోణంలో నేను ఆలోచించలేదు. ఆలోచించినా మా ఆవిడ వెళ్ళేది కాదు.

రొంపిచెర్ల ఏడూ ఇరవై. అక్కడ అయిదు నిమిషాలు ఆగితే దిగి టీ తాగాను, పది రూపాయలు, చక్కెర ఎక్కువ. ఈ దారిన వెళ్ళేవాళ్ళు నరసరావుపేటలోనే టిఫిన్ చేసి బయల్దేరడం మేలు. కారెంపూడిలో ఎనిమిదింబావుకి ఆమె దిగిపోతూ, "సరిగ్గా లెక్కపెట్టు అన్నయ్యా" అని నవ్వింది. తొమ్మిదీ పదికి మాచర్ల.

లెక్క మొదలుపెట్టేలోపు నా అభిప్రాయాలు చెప్పేస్తాను, ఈ సరదాలోకి దిగేవాళ్ళకి పనికొస్తాయి. డబ్బా విప్పకుండా దాచుకునేవాళ్ళు అట్టపెట్టెలు సేకరిస్తున్నారు, ఇటుకలు కాదు. వాళ్ళకి అట్టపెట్టెలే అమ్మితే కంపెనీకి ప్లాస్టిక్ కలిసొస్తుంది. కట్టాక కదలకుండా జిగురు పూసేవాళ్ళతో నేను మాట్లాడను. డూప్లికేట్ ఇటుకలు పట్టు సరిగా ఉండవు, ఒకటి బిగుసుకుంటే ఒకటి జారిపోతుంది. ఇక దుమ్ము విషయం. అద్దాల బీరువా పెట్టినా దుమ్ము వస్తుంది. ఎలా వస్తుందో పదకొండేళ్ళుగా చూస్తున్నాను, పట్టుకోలేకపోయాను. ఒక్క డూప్లికేట్ ముక్క ఉన్నా ఆ సెట్టు చచ్చినట్టేనని మా తొమ్మిదిమంది వాట్సాప్ గ్రూపులో ఎన్నిసార్లు రాశానో, అంత గట్టిగా అనక్కర్లేదని ఇప్పుడనిపిస్తోంది. ఎందుకో తర్వాత తెలుస్తుంది.

మస్తాన్ కొట్టు బస్టాండు నుంచి నడిస్తే పది నిమిషాలు. బల్ల నిండా పళ్ళు. ఒక మూల పిండి కొట్టినట్టు, పళ్ళ అచ్చులు తీసే సుద్దపొడి. మస్తాన్ ముందు రోజే లైట్‌హౌస్ విప్పి సంచుల్లో పోసి ఉంచాడు. భార్య ఖైరున్ కూడా అక్కడే ఉంది. మిరప కోతలప్పుడు కల్లాల్లో కాయలు ఏరే పనికి వెళుతుంది, మిగతా రోజుల్లో కొట్లో ఉంటుంది.

"రా అన్నా. టీ తాగి మొదలుపెడదాం" అన్నాడు మస్తాన్.

"టీ కాదు, ముందు లెక్క" అన్నాను. నా పద్ధతి పది ముక్కలకో వరస, పది వరసలకో కుప్ప. నిమిషానికి పద్దెనిమిది ముక్కలు. తొమ్మిదీ ముప్ఫై అయిదుకి మొదలుపెట్టి పదకొండూ ఇరవైకి ముగించాను.

1,877.

కుప్పలు మళ్ళీ చూసుకున్నాను. పద్దెనిమిది కుప్పలు, ఏడు వరసలు, పైన ఏడు. తక్కువ వస్తే పోయిందనుకోవచ్చు. ఎక్కువ వస్తే ఏమనుకోవాలి?

"పిల్లల్ని పెట్టిందేమో" అంది ఖైరున్.

"నవ్వులాట కాదమ్మా. మళ్ళీ లెక్కపెడతా" అని కుప్పలు కలిపేయబోయాను.

ఆమె పళ్ళేనికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఉండన్నా. అన్నీ కలేసి లెక్కపెడితే ఏం తెలుస్తది? ఏ రకం ఆ రకం విడిగా పొయ్యండి. మేం తాలుకాయ, మంచికాయ కలిపి లెక్కేస్తామా? ఈ పుస్తకంలో ఏది ఎన్నో రాసే ఉందిగా!"

నిజమే. కట్టే పద్ధతి బొమ్మలతో ఇచ్చే పుస్తకంలో చివరి పేజీల్లో ఏ రకం ముక్క ఎన్ని ఉండాలో వరసగా ఉంటుంది. ఆ పేజీ ఉందని నాకు తెలియక కాదు. పనిలో నేను లెక్కపెట్టే మట్టి ఇటుకలన్నీ ఒకటే రకం. అందుకని మొత్తం సరిపోతే అన్నీ సరిపోయినట్టే అనుకోవడం నాకు అలవాటైపోయింది. గోడకి అది చెల్లుతుంది. లైట్‌హౌస్‌లో 143 రకాలున్నాయి.

ముగ్గురం కూర్చున్నాం. ఖైరున్ చేతులు చూస్తుండగానే ముక్కలు ఎక్కడివక్కడికి వెళ్ళిపోయాయి. పుస్తకం నేను చదువుతుంటే ఆమె లెక్క చెప్పింది. మస్తాన్ ఉన్నవి ఊరికే అటూ ఇటూ జరుపుతూ మధ్యలో టీ తెచ్చాడు. ఒంటిగంటకి తేలింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి, ఒక్కటి తప్ప. బూడిద రంగు చిన్న బొడిపె ముక్కలు 46 ఉండాలి, 47 ఉన్నాయి.

నాకు ప్రాణం లేచొచ్చింది. చిన్న ముక్కలు పోతుంటాయని కంపెనీ వాళ్ళు ఒకటో రెండో అదనంగా వేస్తారు. వాటిని డబ్బా మీది సంఖ్యలో కలపరు. "అదనపు ముక్క ఉండిపోయింది, అంతే" అని బొడిపె తీసి పక్కన పెట్టాను. "1,876. పూర్తి."

జేబులోంచి కలం తీశాను. అప్పుడు ఖైరున్ అడిగింది. "అన్నా, మరి పోయినసారి ఎంతొచ్చింది?"

"1,876."

"అప్పుడీ బొడిపె తీసి లెక్కపెట్టావా, ఉంచి లెక్కపెట్టావా?"

నేను అప్పుడు తీసింది లేదు. మస్తాన్ దగ్గరికి వేరే సెట్టు వచ్చింది లేదు కాబట్టి బొడిపె ఆ రోజు నుంచీ ఇందులోనే ఉంది. అంటే ఆనాటి 1,876లో అదీ ఒకటి. ఇప్పుడు 1,877. నాలుగేళ్ళలో డబ్బాలోకి ఒక ముక్క ఎక్కడినుంచో వచ్చింది.

ఇద్దరం మస్తాన్ వైపు చూశాం. మస్తాన్ బల్ల మీది పళ్ళ వైపు చూశాడు.

"గాజు అన్నా" అన్నాడు. లైట్‌హౌస్ పైన దీపం చుట్టూ నాలుగు వంపు ముక్కలుంటాయి, గాజులా కనపడే ప్లాస్టిక్‌వి. "కొన్న వారానికి కడదామని కూర్చుంటే మూడే కనపడ్డాయి. పళ్ళ పనిలో వాడే రంగు లేని ప్లాస్టిక్ ఉందిగా, అచ్చు తీసి నేనే ఒకటి పోశా. అదీ లెక్కలోకి వస్తదని తట్టలా." నాలుగూ వెలుతురుకి పెట్టి తిప్పి తిప్పి చూసి చివరికి ఒకటి పట్టుకున్నాడు. "ఇదే నాది. అంచున గాలిబుడగ ఉంది."

బుడగ లేకపోతే అతనికీ దొరికేది కాదు. నేను రెండు ఇటుకల మధ్య పెట్టి నొక్కి చూశాను. పట్టు సరిగ్గా సరిపోయింది. డూప్లికేట్ల మీద పదకొండేళ్ళుగా నేను చెబుతున్న మాటలు ఆ గాజుకి ఎవరూ చెప్పలేదు.

ఖైరున్ మాత్రం గాజు వైపు చూడటం లేదు. వేళ్ళు మడిచి లెక్క చేస్తోంది. "బొడిపెతో కలిపి అప్పుడు 1,876. అంటే అసలువి ఒకటి తక్కువ. అంటే గాజు ఆ రోజే లేదు. కొన్నప్పుడే లేదు."

"లేనట్టే" అన్నాను.

"ఏందయ్యా!" అని మొగుడి వైపు తిరిగింది. "ఏమన్నావప్పుడు? అన్న లెక్కపెట్టి కాయితం రాసిచ్చాడు, అన్న లెక్క తప్పదు, నువ్వే ఊడ్చి పారేశావన్లా? ఇదిగో, ఈ సుద్దపొడంతా మూడు రోజులు జల్లెడ పట్టా. ముగ్గురి పళ్ళు దొరికాయి గానీ గాజు దొరకలా. ఈ నాలుగేళ్ళూ ఏది కనపడకపోయినా 'గాజు ఊడ్చినట్టు ఊడ్చావా' అంటావు. పోయిన నెల ఫోన్ ఛార్జర్ పోయినా అదే మాట."

"అన్న కాయితం ఉందిగదే మరి" అన్నాడు మస్తాన్, గొంతు బాగా తగ్గించి.

ఇద్దరూ నన్ను చూశారు.

ఒకటింబావుకి భోజనం. పలావు, దాల్చా. మాచర్లలో ఇంతకంటే మంచి భోజనం నాకు దొరకలేదు, ఇంత ఇబ్బందిగా తిన్నదీ లేదు. మధ్యలో మస్తాన్ మెల్లగా అన్నాడు. "బొడిపె తీసేస్తే లెక్క సరిపోద్ది. గాజులు నాలుగున్నాయి. డాక్టరు గారికి బుడగ కనపడుద్దా?"

"కళ్ళ డాక్టరయ్యా" అంది ఖైరున్.

"కనపడితే మాత్రం? నేను కట్టిన పళ్ళతో ఊళ్ళో సగంమంది తింటన్నారు. వాళ్ళని పూర్తి మనుషులు కాదన్నారా ఎవరన్నా?"

నేను ఇంకొంచెం దాల్చా వేసుకున్నాను. "పూర్తి" అని రాస్తే అతని కొట్టు ఖాళీ అవుతుంది, నా పేరు నిలబడుతుంది, డాక్టరు గారి బీరువాలో ముచ్చటైన లైట్‌హౌస్ ఉంటుంది. ముగ్గురికీ లాభమే. నాలుగో మనిషి గిన్నెలు తీస్తోంది.

ఒంటిగంటా యాభైకి కాయితం రాశాను. "అసలు ముక్కలు 1,875. ఒక గాజు మాచర్లలో చేసినది. నాలుగేళ్ళ కిందట నేను పూర్తి అని రాసింది తప్పు. గాజు అప్పటికే లేదు. రకాలవారీగా విడదీయించి ఈ తప్పు పట్టుకున్నది మస్తాన్ భార్య ఖైరున్ గారు." సంతకం పెట్టాను. ఫోటో తీసి డాక్టరు గారికి పంపాను, గ్రూపులో కూడా పెట్టాను. మస్తాన్ కాయితం చదివాడు. బీరువా వైపు ఒకసారి, కొత్త గది కొలతలు రాసుకున్న చీటీ వైపు ఒకసారి చూశాడు. ఖైరున్‌కి చదివి వినిపించబోతే, "నాకు చదవటం వచ్చన్నా" అంది.

రెండూ నలభై అయిదు బస్సు. మాచర్ల నుంచి వచ్చేటప్పుడు కుడి పక్క కూర్చుంటే ఎండ, ఎడమ పక్క కూర్చోండి. నేను లెక్క తప్పి కుడి పక్క కూర్చున్నాను. కారెంపూడి దాకా డాక్టరు గారి నుంచి ఉలుకూ పలుకూ లేదు. గ్రూపులో మాత్రం జాతర మొదలైంది. "అన్నా, నా ఓడ సంగతేంది మరి?" అని ఒకరు, "నా రైలింజనుకి కూడా మొత్తం లెక్కేనా?" అని ఇంకొకరు. నేను రాసిచ్చిన కాయితాలు పద్నాలుగు. మొత్తం ముక్కలు ఇరవైమూడు వేల చిల్లర. ఈసారి రకాలవారీగా లెక్కపెట్టాలి కాబట్టి వేగం సగానికి పడుతుంది. నలభైరెండు గంటలకి పైనే. కూడి చూసుకుని కిటికీ వైపు తిరిగాను.

రొంపిచెర్లలో బస్సు ఆగుతుండగా డాక్టరు గారు ఫోన్ చేశారు. నాలుగూ ముప్ఫై అయిదు.

"కాయితం చూశానండీ. అసలు గాజు ఎక్కడా దొరికేట్టు లేదు, ఆ చేసిందే ఉండనివ్వండి. సెట్టు తీసుకుంటాను."

థాంక్సండీ అన్నాను.

"కాకపోతే కాయితం మీద ఆమె సంతకం కావాలి. ఆ ఖైరున్ గారిది."

"అలాగే. నా సంతకం..."

"మీది కూడా ఉండనివ్వండి, అడ్డమేం లేదు" అన్నారాయన. "తొందర లేదు, వచ్చే ఆదివారం పెట్టించండి."

మస్తాన్‌కి ఫోన్ చేసి బేరం కుదిరిందని చెప్పాను. అతను ఆ మాట గట్టిగా భార్యకి చెప్పడం వినిపించింది. ఆమె ఏమందో వినిపించలేదు. సంతకం సంగతి ఫోన్లో చెప్పబుద్ధి కాలేదు.

నరసరావుపేటకి ఇంకా ముప్పావుగంట. వచ్చే ఆదివారానికి ఏడు రోజులు. ఖైరున్ ఇప్పటికే నాలుగేళ్ళు ఆ నింద మోసింది. పళ్ళేలు చంకన పెట్టుకుని రొంపిచెర్లలోనే దిగాను. మాచర్ల వెళ్ళే బస్సు అయిదుంబావుకి అని టీ కొట్టాయన చెప్పాడు. మిగిలిన దూరానికి నేను కొన్న టికెట్టు వృథా. బొమ్మ ఇటుకల కోసం ఒకే రోజు రెండుసార్లు మాచర్ల వెళ్ళే మనిషి గురించి కారెంపూడి ఆవిడ ఏమంటుందో ఊహించుకున్నాను. రోడ్డు దాటి అవతలి పక్కకి వెళ్ళి నిలబడ్డాను.