కొసరు ఊపిరి

మా అత్త నేరేడుచర్ల సంతలో బియ్యం కొలిచి అమ్మేది. మానిక నిండాక పైన పిడికెడు కొసరు వేయకపోతే ఆమె చేయి ఊరుకునేది కాదు. "కొసరెయ్యని చెయ్యి చెయ్యే కాదు పిల్లా" అని నాకూ అదే నేర్పింది.

డెబ్బయ్యో దశకం మొదట్లో ఆమెకు నిమోనియా ముదిరి స్పృహ తప్పితే, సూర్యాపేటలోని ఒక చిన్న దవాఖానకు తెచ్చాము. డాక్టర్ మెడ దగ్గర గాటు పెట్టి గొట్టం వేశాడు. ఊపిరి పెట్టే మిషన్ హైదరాబాదులోనే ఉందట, అందాకా ఆమె బతకదన్నాడు. గొట్టానికి రబ్బరు సంచి తగిలించి పిండుతూ ఉండమన్నాడు. నేనూ నా భర్తా వంతులు వేసుకొని మూడు రోజులు పిండాము.

నాలుగో రోజు అత్త కళ్లు తెరిచింది. గొట్టం వల్ల మాట లేదు. ఇక సంచిని కొంచెం కొంచెంగా మాన్పించాలన్నారు. ఆ దవాఖానలో పనిచేసే కోదాడ నర్సమ్మ, అంకెలు రాని నాకోసం గోడ గడియారం అంచు వెంట సుద్దతో రెండు గీతలు గీసింది.

"పెద్ద ముల్లు ఈ గీత నుంచి ఆ గీతకొచ్చేదాకా సంచి పిండొద్దమ్మా. సొంతంగా పీల్చుకోనివ్వు. రంగు మారితే కేకెయ్యి."

అత్త ఛాతీ ఎగిసెగిసి పడుతుంటే నేను కుదురుగా కూర్చోలేకపోయాను. లేచాను, కూర్చున్నాను, దుప్పటి సర్దాను. నర్సమ్మ అటు తిరగగానే ఒకసారి పిండాను. కాసేపాగి ఇంకొకటి.

"ఎలా ఉంది?" నర్సమ్మ వచ్చి అడిగింది.

"మంచిగ పీలుస్తున్నదమ్మా."

రోజంతా అట్లాగే చేశాను. ఆమె నా మాటే కాగితం మీద రాసుకుంది. మర్నాడు డాక్టర్ ఆ కాగితం చూసి సంచి ఊడదీయించాడు. కాసేపటికే అత్త పెదాలు నల్లబడ్డాయి. గబగబా మళ్లీ తగిలించారు.

నా భర్త నర్సమ్మ మీదికి పోయాడు. "నిన్న మంచిగుండె గదా! ఏం జేసిన్రు మా అమ్మను?"

"ఆమెననకు" అన్నాను. "నేనే నడుమ నడుమ పిండిన. కొసరు లెక్క."

"ఇదేమన్నా బియ్యమా తల్లీ?" అంది నర్సమ్మ. "ఆవిడ సొంతంగా ఎంత పీల్చగలదో నాకెలా తెలుస్తుంది? చంపేసేదానివి కదా!"

మధ్యాహ్నం మళ్లీ మొదటి నుంచి. ఈసారి రెండు చేతులూ తొడల కింద పెట్టుకొని కూర్చున్నాను. అత్త నన్నే చూస్తోంది. ఒక ఊపిరి తీసుకొని వేలెత్తింది. సంతలో మొదటి మానికను ఒకటి అనరు, లాభం అంటారు. ఆమె పెదాలు ఆ మాటకే కదిలాయి. తర్వాత రెండు, మూడు. ముల్లు సగం దూరం కూడా రాలేదు, వేలు లేవడం ఆలస్యమైంది. నా చేయి తొడ కింద నుంచి సంచి మీదికి పోయింది.

అత్త నా మణికట్టు పట్టుకుంది. ఊపిరి తీసుకుంది. తర్వాత ఇంకొకటి.

ముల్లు గీత మీదికొచ్చింది. నర్సమ్మ వచ్చి, "ఇక పిండమ్మా" అంది.

అత్త నా చేయి వదలలేదు. ముల్లు గీత దాటాక ఇంకొక ఊపిరి తీసుకుంది.