కీపర్ పేరు లేని వార్తలు

ఆత్మకూరు క్రికెట్ జట్టు కిట్ బ్యాగులో ఒకే జత కీపింగ్ గ్లౌజులు ఉండేవి. రెండేళ్లు వాటిని నేనే తొడిగాను. ఉదయగిరి నుంచి ఒకతను వచ్చి చేరిన మూడో ఆదివారం, కెప్టెన్ వాటిని అతనికిచ్చి నన్ను బౌండరీ దగ్గరకు పంపాడు. పది అడుగుల వెనక నిలబడి కూడా నేను వదిలేసే బంతుల్ని అతను స్టంపుల పక్కనే నిలబడి తేలిగ్గా అందుకున్నాడు. బౌండరీ దగ్గర నిలబడి అదంతా చూశాను.

తర్వాత నేను విలేకరినయ్యాను. జిల్లా పేజీకి మ్యాచ్‌ల వార్తలు నేనే పంపేవాణ్ని. ఫలానా బౌలర్‌కు నాలుగు వికెట్లు అని రాసి ముగించేవాణ్ని. వాటిలో మూడు అతను పట్టిన క్యాచ్‌లు, చేసిన స్టంపింగుల వల్ల వచ్చినవేనని తెలుసు. అబద్ధం ఒక్కటీ రాయలేదు, అతని పేరూ రాయలేదు. పదేళ్లు అలాగే గడిచింది. అతను ఎప్పుడూ అడగలేదు. అడగకపోవడం కూడా నాకు కంటగింపుగానే ఉండేది.

ఆట మానేశాక పిల్లలకు కీపింగ్ నేర్పుతూ వచ్చాడు. పోయినేడు ఊళ్లో ఒక స్కూలు కోచ్ కోసం చూస్తుంటే, ఆడినట్టు రుజువు తెమ్మన్నారని మా ఇంటికొచ్చాడు.

"పేపరు కటింగులు కావాలంటరా. నీ కాడ ఫైలు ఉండాది గదా, తియ్యి."

"చెదలు పట్టినాయేమో."

"చెదలు తినంగా మిగిలినవే తియ్యిరా సామీ."

తీశాను. ఒక్కొక్కటీ వేలు పెట్టి చదివాడు. టీ చల్లారిపోయింది.

"ఏందిరా, నేను గ్రౌండులోనే లేనట్టు రాసినావు?"

"పేజీలో చోటుండదు."

"టాస్ వేసిన లీడరు పేరుకు చోటు ఉన్నిందే!"

కటింగులు బల్ల మీదే వదిలి వెళ్లాడు. అతని ఆట చూశానని ఒక ఉత్తరం రాసిస్తే సరిపోయేది. రెండు రోజులు కాగితం ముందు కూర్చున్నాను. రాయలేకపోయాను.

ఆ వారం వేరే వార్త కోసం అదే స్కూలుకు వెళ్లాను. హెడ్‌మాస్టరు గదిలో అతనితో పాటు అప్పటి మా బౌలర్లు ముగ్గురున్నారు. ఒకడు మర్రిపాడులో లారీ తోలుతాడు, ఒకడికి కలువాయిలో గొర్రెలు, ఇంకొకడికి సంగంలో వరి. విషయం వాళ్లదాకా ఎలా పోయిందో తెలియదు.

"పేపర్లో నా పేరున వచ్చిన వికెట్లలో సగం ఈయన పట్టినవే సార్," అంటున్నాడు లారీవాడు. హెడ్‌మాస్టరు ఆ మాటే రాసిమ్మన్నారు. ముగ్గురూ సంతకాలు చేశారు. అప్పుడు లారీవాడు నన్ను చూశాడు.

"విలేకరన్న గూడా చూసినాడు సార్, రాయడమే మర్చిపోయినాడు. రా అన్నా, నువ్వూ ఒకటి గీకు."

నాలుగో సంతకం నాది. పక్కనే నిలబడి ఉన్న అతను నావైపు చూడలేదు.

ఉద్యోగం అతనికే వచ్చింది. దానికి నేనేమీ కుళ్లుకోలేదు. లోడుతో ఉన్న లారీని స్కూలు ముందు రోడ్డు మీద ఆపి, అతని కోసం ఒక మనిషి వచ్చాడు. అది మాత్రం ఇప్పటికీ మింగుడుపడటం లేదు. నా కోసం అలా ఎవరొస్తారా అని ఇంటికొచ్చాక పేర్లు తలుచుకోబోయాను. ఒకటి రెండు తట్టాక మానుకున్నాను.